వెండి జాలరి వీపు

కదలకండీ అంటుంటే కదుల్తారేంటండీ! పొద్దుట్నించి ఐదు గంటలపాటు చౌరస్తాలో ఈగ వాలినా ఉలకని మనిషి, పెళ్ళాం తడిగుడ్డ వేస్తే మాత్రం ఇలా ఎగిరిపడాలా?

మండుతోందా? మండదూ మరి! వీపెలా ఉందో మీకు కనపడదు కాబట్టి సరిపోయింది. చూసేదాన్ని నేను కదా. భుజాలు కందిపోయాయి, మెడ వెనక ఉబ్బింది, చెవుల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఎక్కడ చెయ్యి వేయాలో తెలీడం లేదండీ నాకు. నడుం దగ్గర, నిక్కరు కింద బెత్తెడు చోటు బాగుంది. అక్కడే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను, ఏం చేయను!

అలాగే బోర్లా పడుకోండి. ఫ్యాను తగ్గించనా? వద్దా? ఊ అనొచ్చు కదా. అబ్బే, ఊ కూడా అనరు. వీధిలో బొమ్మ, ఇంట్లోనూ బొమ్మే.

ఇదిగో నీళ్ళు. స్ట్రా వేశాను, తల ఎత్తక్కర్లేదు. తాగండి. ఇంకాస్త. మధ్యమధ్యలో నీళ్ళు పట్టిస్తూనే ఉండమంది డాక్టరమ్మ. జ్వరం వచ్చినా, కళ్ళు తిరిగినా, వాంతి అయినా క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మంది. మీకు కళ్ళు తిరుగుతున్నాయా? తిరిగితే మాత్రం మీరు చెప్తారా!

ఐసు అడక్కండి. ఇందాకట్నించి ఫ్రిజ్ వైపు చూస్తున్నారు, నేను చూడలేదనుకున్నారా? ఐసు పెడితే ఉన్న చర్మం కూడా పాడవుతుందట. చల్లటి కుళాయి నీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ, అంతే. ఆ పొక్కుల మీదికి చెయ్యి పోనివ్వకండి, చిదిమారంటే చీము పడుతుంది.

పై అంతస్తు పిన్నిగారు వచ్చారు, మీరు కునుకు తీస్తుంటే. పళ్ళ పేస్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు పాపం. "పూసెయ్యవే, చల్లగా ఉంటుంది" అని. వద్దు పిన్నిగారూ, డాక్టరమ్మ ఒప్పుకోదు అంటే మూతి ముడుచుకున్నారు. పోతూ పోతూ ఏమన్నారో తెలుసా? "మన రంగు వాళ్ళకి ఎండేం చేస్తుందే" అట! ఈ గుడ్డ ఎత్తి చూపిద్దామనుకున్నాను. మీరు మేలుకుంటారని ఊరుకున్నాను.

ఏవండీ... ఆస్పత్రి నుంచి వస్తూ మీరు బస్సులో అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదండీ. "ఇక నా వల్ల కాదే. ఒళ్ళు ముసలిదైపోయింది. మానేస్తా." అంతే.

యాభై నిండలేదు మీకు. ముసలితనమేంటండీ!

పంతొమ్మిదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నాను కదా, మానేయమని. ఒళ్ళంతా వెండి రంగు పూసుకుని, చేతిలో గాలం పట్టుకుని, పీట మీద బొమ్మలా నిలబడటం. పిల్లలెవరైనా కాగితం చేపలో చిల్లర మడిచి బుట్టలో వేస్తే గాలం ఒక్కసారి పైకెత్తడం, మళ్ళీ బొమ్మైపోవడం. ఇదీ ఒక పనేనా అని మా అన్నయ్య నవ్వినప్పుడు వాడితో దెబ్బలాడిందీ నేనే, ఇంటికొచ్చి మీతో దెబ్బలాడిందీ నేనే. నీడపట్టున కూర్చునే పనేదైనా చూసుకోండి బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. విన్నారా? ఇవాళ మీ అంతట మీరే మానేస్తానన్నారు. నేను ఎగిరి గంతేయాలి కదా! మరి నాకెందుకండీ ఏడుపొస్తోంది?

టోపీ పెట్టుకోమంటే, మొహం కనపడకపోతే పిల్లలు భయపడతారన్నారు. పొడుగు చేతుల చొక్కా కుట్టిస్తే, తొడుక్కుని చూసి విప్పేశారు. మిట్టమధ్యాహ్నం మానేసి పొద్దున్నే వెళ్ళి వచ్చేయండి అంటే, పిల్లల బళ్ళు వదిలేది మధ్యాహ్నమేగా అన్నారు. పోనీ గొడుగు పట్టుకుని నేను పక్కన నిలబడతానన్నాను. "బొమ్మకి గొడుగు పట్టే పెళ్ళాం ఉంటుందటే?" అని ఎంత నవ్వారండీ ఆరోజు!

చివరికి నా చేతిలో మిగిలింది ఎండని ఆపే ఆ క్రీమొక్కటే. అందులో వెండి పొడి కలిపి, చెవుల వెనక, మెడ మీద, పాదాల మీద, ఎక్కడా వదలకుండా పూసేదాన్ని. రెండు గంటలకోసారి మిమ్మల్ని బట్టల కొట్టు వెనక్కి లాక్కెళ్ళి మళ్ళీ పూసేదాన్ని. చెమటకి పోతుందండీ అంటే విసుక్కునేవారు. విసుక్కుంటే విసుక్కున్నారు, పంతొమ్మిదేళ్ళలో ఒక్క పొక్కు వచ్చిందా?

అలా చూడకండి. గోడ వైపు తిప్పండి తల. నా మొహంలోకి చూస్తుంటే నేను చెప్పలేను.

చౌరస్తాలోకి ఒళ్ళంతా బంగారు రంగు పూసుకుని ఆ రాణి బొమ్మ వేషం పిల్ల వచ్చాక మొదలైందండీ ఇదంతా. పాపం ఆ పిల్లనేం అనను, దాని పొట్ట అది పోసుకుంటోంది. కానీ ఏం మెరుపు! దాని బుగ్గలో మన మొహం చూసుకోవచ్చు. పిల్లలంతా అటే పరిగెత్తారు. మొన్న సోమవారం సాయంత్రం దాకా మీ బుట్టలో ఒక్క చేప పడలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డారు. బట్టలు ఆరేసి వచ్చాను, అక్కడే ఉన్నారు. అన్నం వార్చి వచ్చాను, అక్కడే ఉన్నారు. "నేను వెలిసిపోయానంటావా?" అని అడిగారు.

వెలిసింది మీరు కాదండీ. ఆ క్రీము కలిపితే వెండి మసకబారుతుంది. సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. నాకెప్పట్నించో తెలుసు, చెప్పలేదు.

అందుకని... ఇవాళ క్రీము కలపలేదు నేను.

నూనె కలిపాను. పసిపిల్లల ఒంటికి రాస్తారే, ఆ నూనె. పొడి అందులో పోస్తే అద్దంలా తేలింది గిన్నెలో. ఎంత మురిసిపోయానో! నీళ్ళలా జారిపోయింది మీ వీపు మీద. మీరు అద్దంలో చూసుకుని, పెళ్ళినాడు నవ్వినట్టు నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకింక బుర్ర పనిచేయలేదు.

చౌరస్తా అంతా మీ చుట్టూనే ఉంది ఇవాళ. పదకొండింటికి బ్యాంకు భవనం నీడ పక్కకి జరిగింది. మీరు జరగలేదు. ఎలా జరుగుతారు? చేప మీద చేప పడుతోంది, గాలం లేస్తూనే ఉంది. పక్కకి పిలవాల్సిన దాన్ని నేను. పిలిచానా? కొట్టు మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. చెవులు ఎర్రబడటం కనపడింది కూడానండీ నాకు! సంతోషానికేమో అనుకున్నాను. ఎవరైనా వింటే నా మొహాన ఉమ్మేస్తారు.

కుళాయి దగ్గర తుడుస్తుంటే వెండి పోయింది, ఎరుపు పోలేదు. అప్పుడు తెలిసింది. మీరు వణుకుతున్నారు, నేను తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అక్కడితో ఆగానా? "ఒంటికి ఏం పూశారు?" అని డాక్టరమ్మ అడిగితే, "రోజూ పూసేదేనండీ" అన్నాను. మీరు కూడా తలూపారు! మీకేం తెలుసు పాపం. ఆవిడ నా మాట నమ్మి, "ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న ఒళ్ళు కదా, ఇక తట్టుకోవడం లేదేమో" అంది. ఆ మాట మీకెక్కడ తగిలిందో నేను చూశాను. వెంటనే "నూనెలవీ దగ్గరికి రానివ్వకండి" అని కూడా అంది. అయినా నోరు విప్పలేదు.

బస్సులో మీరు మానేస్తా అన్నప్పుడు ఏమనుకున్నానో చెప్పనా? ఇంకేం, నోరు మూసుకుంటే చాలు అనుకున్నాను. ఇన్నేళ్ళూ బతిమాలినా జరగనిది ఒక్క అబద్ధంతో జరిగిపోతోంది కదా అనుకున్నాను. నీడలో కూర్చుంటారు, నాలుగు కాలాలు చల్లగా ఉంటారు. నాకంతకన్నా ఏం కావాలి?

కానీ మీరిలా గోడకేసి చూస్తూ ముసలాడైపోయాననుకుంటూ పడి ఉంటే నా వల్ల కావడం లేదండీ. మీ వీపు కాలింది నా చేతులతో. మీ మనసు కూడా నా చేతులతోనే కాల్చనా?

తిట్టండి. ఒక్క మాటైనా తిట్టండి.

ఏంటీ? వినపడలేదు, గట్టిగా అనండి.

కాదు. వయసు కాదు. మీ ఒంటికేం రాలేదు, మీరేం ముసలివాళ్ళు కాలేదు. నూనె. నేను. అంతే.

అదేంటి, చెయ్యెందుకు ఎత్తుతున్నారు? నీళ్ళు కావాలా? దిండు కావాలా? కదలకండి మొర్రో, భుజం చర్మం సాగుతుంది!

అయ్యో... గాలం ఎత్తుతున్నారా?

నవ్వకండి! పెదవి పగిలి ఉంది, నవ్వకండి! చూశారా, రక్తం. ఇందుకేనండీ చెప్పకూడదనుకున్నాను. ఇందుకే!

అయిపోయింది. నా నోటితో నేనే మిమ్మల్ని మళ్ళీ ఆ పీట ఎక్కించాను. ఈ పొక్కులన్నీ మాని, కొత్త చర్మం గట్టిపడేదాకా గుమ్మం దాటనివ్వను, అది మాత్రం ఖాయం. ఆ తర్వాతైనా టోపీ పెట్టుకుంటారా?

పెట్టుకోరు. నాకు తెలుసు.

సరే, తల ఇటు తిప్పండి. ఈ చెవి మీద గుడ్డ వేడెక్కిపోయింది, తడిపి తెస్తాను.