గోధుమ బీరులో గడ్డలు

హలో… అవ్, నేనే. రమణనే జయప్రకాశన్నా. బూర్గంపాడుల సిగ్నల్ గింతే… ఆగు, డాబా మీదికొచ్చిన. ఇప్పుడు చెప్పు.

… ఆ, బీరు కాచిన. నువ్వు కార్గో బస్సుల పంపిన గోధుమ మాల్టే. పెండ్లిండ్లకు వండే దేగిస కిరాయికి తెచ్చి, అండ్లనే కాచిన. పన్నెండు రోజులాయె.

… ఎట్లొచ్చిందంటే… ఏం చెప్పాలె. గడ్డలున్నయి అన్నా.

… తెల్లగ. మరిగేటప్పుడే లేచినయి, పాలు విరిగినట్టు. గుడ్డేసి వడగట్టిన. అయినా ఇయ్యాల గ్లాసుల పోస్తే మళ్ల కనపడ్డయి. బీరంత కుడితి లెక్క మబ్బుగుంది.

… నవ్వకన్నా.

… తెల్వక కాదు. గోధుమల ప్రొటీన్ ఎక్కువ, మరిగితే గడ్డ కడతది, ఆ బీరు మబ్బుగనే ఉంటది… మన పాత బ్రూవరీల కొత్తగొచ్చినోళ్లకు ఎనిమిదేండ్లు ఆ ముక్క చెప్పింది నేనే గద. కానీ చెడిపోయినా మబ్బుగనే ఉంటది. గదే నా భయం. కండ్లకు రెండూ ఒక్కతీరే.

… అవ్. వాసన చూస్తే తెలిసిపోతది.

… చూసిన.

… ఎట్లుందంటే… బానే… ఒక్క నిమిషం. నాగలతా, ఇటు రా. ఈ గ్లాసు వాసన చూసి చెప్పు, ఏమొస్తుంది?… మంచిగ చూడు… అన్నా, మాగిన అరటిపండు వాసనంట. ఇంకేమన్నా?… లవంగమంట. పులుపైతే లేదంటుంది.

… అవ్. గోధుమ బీరుకు ఆ రెండు వాసనలే రావాలె. అయితే కుదిరినట్టే.

… నా భార్యను ఎందుకు అడిగిన్నంటే…

అన్నా, నీ దగ్గర ఒకటి దాచిన.

ఫిబ్రవరిల చర్ల నుంచి వస్తుంటే బండి పడ్డదని చెప్పిన గద. తలకు నాలుగు కుట్లు వేసిన్రు. కుట్లు మానినయి. కానీ ఆ రోజు నుంచి నాకు వాసన లేదు. ఏ వాసనా లేదు.

… జలుబు కాదన్నా. ఖమ్మంల పెద్ద డాక్టరుకు చూపిచ్చిన. దెబ్బకు ముక్కు నరాలు లోపల తెగినయంట. ఆర్నెల్లు చూద్దామన్నడు. తొమ్మిది నెలలు నిండినయి.

… రుచా? ఉప్పు తెలుస్తది, తీపి తెలుస్తది. అంతే. మొన్న కూర మాడి ఇల్లంత పొగ కమ్మితే, కండ్లు మండినంకనే తెలిసింది నాకు.

… ఎట్ల చెప్పాలె? కొత్త బ్రూవరీ తెరుస్తున్న, హెడ్ బ్రూవర్‌వి నువ్వే అన్నవు. ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలే. మాల్టు ఉడుకుతుంటే వాసన తిరిగొస్తదేమో అనుకున్న. మూతి కాలేదాక దేగిస మీద వంగి నిలబడ్డ అన్నా. ఉత్త ఆవిరి.

… ట్యాంకులు కడిగే పనా? స్టోర్ చూసుకునుడా?… నీ మంచితనం నాకు తెలుసు. పని చిన్నదని కాదన్నా. అక్కడ నిలబడలేను. అందరు గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటరు, నేను వాళ్ల మొహాలు చూసుకుంట ఉండాలె.

… లే, ఆలోచించుడేం లేదు. దుర్గను పెట్టుకో. ఇల్లందు నుంచొచ్చి మన ల్యాబుల చేసింది గద, ఆమె. ట్యాంకుల పులుపు ఎక్కితే నాకంటే ఒక రోజు ముందే పట్టేది. అప్పుడు నేను ఒప్పుకోలే. కొట్లాడిన కూడ. కానీ ముక్కంటే ఆమెదన్నా.

… వస్తది. నేను చెప్పిన్నని చెప్పు… వద్దులే, నా పేరు తియ్యకు. నువ్వే అడిగినట్టు అడుగు.

… ఏంది? విజిటింగ్ కార్డులు అచ్చేయించినవా? నా పేరు మీద?

… ఎన్ని?

… అయ్యో. ఒక్కమాట ముందుగాల అడగాల్సింది అన్నా.

… హెడ్ బ్రూవర్ అనే ఉందా? ఇంగ్లీషులనా, తెలుగులనా?… రెండిట్లనూ.

… లేదు, పంపకు. ఒక్కటి కూడ వద్దు. నాగలత చూస్తే దాచిపెడతది.

… పారెయ్ అన్నా. నీ చేతుల్తోనే పారెయ్, పనోళ్లకు ఇయ్యకు.

… దుర్గ నెంబరు ఇప్పుడే పంపుత. ఉంట.