ముందే చెప్పేసే మనిషి

పత్రికా విలేఖరిగానే తల నెరిసిన ఆయన, తన నాలుగో నవలను భార్య చేతిలో పెట్టి, తీర్పు వినబోయే ముద్దాయిలా ఎదుట కూర్చున్నాడు.

“అలా గుడ్లప్పగించి చూడకండి, అక్షరాలు బెదురుతున్నాయి.”

“ఇదీ బాగాలేదంటే ఇక కథల జోలికి పోనే!”

“వెనకటి మూడూ బాగాలేవని ఎవరన్నారు? మొదటి పేరా దాటలేకపోయాను, అంతే.”

“ఎందుకు దాటలేదూ?”

“బావిలో పడ్డవాడు బతికాడనీ, తాడు కోసింది సొంత తమ్ముడేననీ తొలి వాక్యంలోనే చెప్పేస్తిరి! వార్తకైతే అది చెల్లుతుంది. కథలో ఇక చదవడానికేం మిగిలింది?”

“చేతికి పట్టిన అలవాటు, ఏం చెయ్యను? మరి ఇందులోనూ అంతేనా?”

ఆమె ఒక పేజీ తిప్పింది, మరొకటి తిప్పింది.

“నిన్నేనే, అడుగుతున్నది!”

“ఉండండీ! నడి ఏట్లో పడవకు చిల్లు పడింది. అయ్యో, ఈ పడవవాడు ఒడ్డు చేరతాడా?”

“వాడా? చివరికి వాడు...”

“చెప్పారంటే ఊరుకోను! నోరు మూసుకుని కూర్చోండి.”

ఊరందరికన్నా ముందు కబురు చెప్పడమే బతుకుగా బతికినవాడు, ఆ కసురుకు ప్రాణం లేచి వచ్చి, మనసులోనే దైవానికి దండం పెట్టుకుని, బుద్ధిగా నోరు మూసుకున్నాడు.