ఒడిబియ్యం పోసిన బిడ్డ

"బాపమ్మా, అమ్మ కొలువు పోతదన్నరు గద, ఆ రోజు ఏమైంది? నేను హాస్టల్ల ఉంటి, ఫోన్ల ఎవ్వరు సక్కగ చెప్పలే."

శ్రావణం మూడో శుక్రవారం బిడ్డా. పగటీలి మూడు గంటలు. అమ్మవారి ముందట కూసొని పసుపు కుంకుమ సదురుతున్న, ఫోను మోగింది. మీ అమ్మ. ఆఫీసు మెట్ల కాడ నిలవడి మాట్లాడుతున్న అన్నది. 

మీ అమ్మ పని నీకెరుకనే గని, మల్ల చెప్త. ఎవలన్న ఇల్లు కొంటె బ్యాంకోళ్లు లోను ఇస్తరు గద. ఇచ్చే ముందుగాల ఆ ఇల్లు ఎవలిది, ఎవలు ఎవలికి అమ్మిండ్రు, తగాదా గిట్ల ఉన్నదా అని పాత కాయితాలన్ని తిరగేసి, చూసినట్టు సంతకం పెట్టాలె. రింగ్ రోడ్ కాడ వకీల్ సాబ్ ఆఫీసుల, నువ్వు బడికి పోయేటప్పటి సంది అదే పని ఆమెకు.

ఉగాది అయినంక ఆ ఆఫీసుకు కొత్త మిషిని వచ్చింది. మిషిని అంటె ఇనుపది కాదట, కంప్యూటర్ లోపలనే ఉంటదట. కాయితాలు చూపెడితె, చాయ్ తాగేలోపల అన్ని చదివి రాసిస్తదట. ఇగ ఇద్దరిని ఇంటికి పంపిండ్రు. దివాళికి మనకు మిఠాయి తెచ్చేటోడు చూడు, హితేష్ భాయ్, ఆయన కొలువు గూడ పోయింది పాపం. ఆ శుక్రవారం వకీల్ సాబ్ మీ అమ్మను "సాయంత్రం జర నా కాడికి రా పద్మాబెన్" అన్నడట. గంతే, ఆమెకు అన్నం పోలే.

నాకు మీ తాత యాదికొచ్చిండు. మనోళ్లు బతకవచ్చిన ఈ ఊర్ల, లింబాయత్ కాడ బట్ట నేసే కొత్త సాంచాలు పెట్టినప్పుడు సేటు గిట్లనే పిలిచిండు. నలుగురి పని ఒక్కడే చేసుడాయె. మీ తాత కొలువు పోయి, మార్కెట్ల చీరలు మడత పెట్టే పనికి పోయిండు. అప్పుడు కిలో జొన్నలు రూపాయిన్నర ఉండె... కాదు కాదు, రెండు రూపాయలు. సరె, అది ఇడిసిపెట్టు.

ఫోన్ల మీ అమ్మ ఏమడిగిందంటె, "అత్తమ్మా, నర్సవ్వ పెద్దమ్మకు ఇద్దరు కొడుకులేనా, బిడ్డ గూడ ఉన్నదా?"

నర్సవ్వంటె మన ఎనక గల్లీ ఆమె. పెనిమిటి పోయినంక ఇల్లు అమ్ముతున్నరు. ఆ కాయితాలు మీ అమ్మ బల్ల మీదికే వచ్చినయి. మిషిని చూసి అంత బాగున్నదని రాసింది. వారసుల కాయితం ఉంటది గద, ఈడోళ్లు పేఢీనామా అంటరు, అండ్ల ఇద్దరు కొడుకులే ఉన్నరు. ఉన్నది ఉన్నట్టే చదివింది అది, దాని తప్పేమున్నది. గని మనోళ్లు ఏం చేస్తరు? బిడ్డను భీవండికో షోలాపూర్‌కో ఇస్తరు, ఒడిబియ్యం పోస్తరు, చీర పెడ్తరు, ఇగ ఆమె పాలు ఆమెకు ముట్టిందనుకుంటరు. కాయితంల పేరు గూడ రాయియ్యరు. చట్టంల బిడ్డకు గూడ పాలున్నది, ఇల్లు అమ్మాలంటె ఆమె సంతకం గూడ కావాలె. మోసం కాదు బిడ్డా, నిజంగ గట్లనే అనుకుంటరు.

నర్సవ్వ బిడ్డ లలిత ఒడిల నా చేతులతోని పోసిన బియ్యం. చెప్తె నర్సవ్వ ఇల్లు అమ్ముడు ఆగుతది. చెప్పకుంటె మీ అమ్మ సంతకం తప్పయితది, కొలువు ఉన్నా పోయినా ఆ తప్పు తప్పే. అమ్మవారి దిక్కు చూసిన. "ఉన్నది. లలిత. భీవండిల ఉంటది" అన్న.

లోపలికి పోయి, వకీల్ సాబ్ నోరు తెరవకముందే మీ అమ్మ అన్నదట, "దీని మీద నేను సంతకం పెట్ట సాబ్. మా దగ్గర ఆడపిల్లల పేర్లు రాయరు. ఇంటికి పోయి అడగాలె." ఆయన ఆ కాయితాలు మల్లొక్కసారి తిరగేసిండట. అటెనుక, "నిన్ను గూడ పంపిద్దామనే పిలిచిన, అబద్ధమెందుకు. కాయితాలు అది చదవనీ. సోమవారం సంది నువ్వు ఇండ్లకు పొయ్యి అడిగి రా. సంతకం నీదే ఉంటది" అన్నడట.

"మరి ఆ ఆఫీసుల అమ్మతోని పనిచేసే ఇంకొకామె ఉంటది గద, ఆమె కొలువు ఉన్నదా బాపమ్మా?"

ఉన్నది, ఇప్పటికైతె. ముందు ముందు ఏమైతదో దేవునికెరుక.

పొద్దుమీకి నేనే నర్సవ్వ ఇంటికి పోయిన. లలిత సంగతి నేనే చెప్పిన్నని చెప్పిన, ఇంకొకల నోట ఇనుడెందుకని. "నీ కోడలు కొలువుకు నా ఇల్లే దొరికిందానే? లలితకు ఒడిబియ్యం పోస్తిమి గద, ఇంక దాని సంతకమేంది?" అన్నది. నేనేం వాదిస్త? "రేపు లలిత అడిగితె ఏం చెప్తవక్కా" అన్న.  లేచి చాయ్ పెట్టింది. నేనుండంగనే లలితకు ఫోన్ చేయించింది, వచ్చి అన్నలతోని కూసో అని.

తెల్లారి శనివారం. మీ అమ్మ లేవలే. రెండు నెలల సంది కొలువు రందితోని నిద్రవట్టక కోడి కూయకముందే లేచి కూసునేది గద, ఆ పొద్దు ఎండ మంచం మీదికి వచ్చినా లేవలే. మేమెవ్వరం లేపలే. మీ నాయిన పప్పు కుక్కర్ల పెట్టి, సీటీ రాకముందే పొయ్యి బందు చేసుకుంట, మల్ల ముట్టించుకుంట నిలవడ్డడు. పప్పు ఉడకనే లేదు, పలుకు పలుకుగనే తిన్నం. నేను గంట కొట్టకుంటనే హారతి ఇచ్చిన. అమ్మవారు ఏమనుకోదు తియ్.

నీకు గూడ గట్ల కంటినిండ నిద్రవట్టే కొలువు దొరకాలె బిడ్డా, సల్లగుండు...