తోడికోడళ్ళ యుద్ధం, మా ఇంటి పేపరు

అధ్యక్ష స్థానంలో ఉన్న ఇంజనీరుగారికి, వేదిక మీది పెద్దలకు, నీటి మీటర్ల పరీక్ష గదిలో నాతో బెంచీ పంచుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, వెనక వరుసలో కూర్చుని కాఫీ ఎప్పుడిస్తారా అని చూస్తున్న స్టోర్సు మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్నానని నాకు ముందు మాట్లాడినవాళ్ళు బాగా పొగిడారు. నేను పక్కన నిలబడితే మీటరు తప్పు చూపడానికి జంకుతుందన్నారు. జంకేది మీటరు కాదు, దాన్ని తెచ్చిన ఇంటాయన. ఇంకొకరు నన్ను ఈ ఆఫీసుకు వార్తాపత్రిక అన్నారు. దాని గురించి రెండు మాటలు చెప్పాలి.

కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. మీటరు పరీక్షలో చివరిది సన్నధార. కుళాయిని కారీ కారనట్టు వదిలి, ముల్లు కదులుతుందో లేదో చూడాలి. ఆ అరగంటా బెంచీ తాకకూడదు, నడవకూడదు, కుర్చీ జరపకూడదు. జీతమిచ్చి మనిషిని కదలకుండా కూర్చోబెట్టే పని లోకంలో ఇదొక్కటే అనబోయాను గాని, మిగతా సెక్షన్ల వాళ్ళు ఎదురుగానే ఉన్నారు. (నవ్వులు) ఆ కూర్చున్నంతసేపూ వార్తలు చెప్పడం నా వంతు.

ఆ వార్తలు మా ఆవిడవి. గదిలో అందరికీ తెలుసు. ఉదయం నేను గడ్డం గీసుకుంటుంటే వెనక కుర్చీలో కూర్చుని ఆవిడ పేపరు చదివేది. ఉన్నదున్నట్టు చదవడం ఆవిడకు పడదు. "ఈ పేర్లన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ" అని దేశాలకూ మంత్రులకూ చుట్టరికాలు కలిపేసింది. సరిహద్దు దగ్గర కొట్టుకునే రెండు దేశాలు తోడికోడళ్ళు. ఇద్దరికీ తుపాకులమ్మే దేశం మేనత్త. ధరలు చూసే మంత్రి ఇల్లరికపుటల్లుడు. నేనూ ఇక్కడికొచ్చి అలాగే చెప్పేవాణ్ణి.

ఇంజనీరుగారు కొత్తగా చేరిన రోజుల్లో, ఒకనాడు సన్నధార వేళ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను చూడలేదు. "రాత్రి పెద్దకోడలు మళ్ళీ బాంబులేసింది. చిన్నకోడలు ఊరుకుంటుందా? రెండు వంతెనలు కూల్చేసింది. మేనత్తేమో ఇద్దరికీ సర్దిచెబుతున్నానంటోంది" అంటున్నాను. నా పక్క బెంచీ చెల్లెమ్మ, "ఆ మేనత్తే లేకపోతే ఈపాటికి కలిసిపోయేవాళ్ళన్నయ్యా" అంది. సాయంత్రం సారు నన్ను పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇంటి విషయాల్లో తలదూర్చకూడదు. కానీ పోలీసుల్లో నాకు తెలిసినవాళ్ళున్నారు" అన్నారు. (నవ్వులు. అధ్యక్షులు కూడా నవ్వారు) సార్, ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వి నవ్వి చేతిలో గిన్నె వదిలేసింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

ఆవిడ పోయి ఏడాదైంది.

పేపరు వస్తూనే ఉంది. మడత విప్పకుండా ఆవిడ కుర్చీలో పెడుతూ వచ్చాను. మా అమ్మాయి చూసి ఊరుకోలేదు. "నాన్నా, నాలుగు సంగతులు తెలుస్తుంటే పొద్దుపోతుంది" అని నా ఫోనులో వార్తలు పెట్టించి వెళ్ళింది. అది కుయ్ మన్నప్పుడల్లా 'ఇప్పుడే అందిన వార్త' అని ఉలిక్కిపడి చూసేవాణ్ణి. నిన్న అందినదే. టీవీ పెట్టాను. ఆరు గడుల్లో ఆరుగురు. ఒకరి మాట ఒకరు వినరు, మనల్నీ విననివ్వరు. మన భాషలో చెబుతాను. గొట్టంలో నీళ్ళకు బదులు గాలి చేరితే మీటరు ఆగదు, ఇంకా జోరుగా తిరుగుతుంది. అంకెలు పడుతూనే ఉంటాయి. కింద బకెట్టులో చుక్క ఉండదు. కొన్నాళ్ళు చూశాను. నా బకెట్టు నిండలేదు.

అవే వార్తలు ఇక్కడికొచ్చి చెప్పాను. ఫలానా చోట వరదలో మునిగారు, ఫలానా చోట పోయారు. సన్నధార ముగిసేలోపు గదిలో సగం మందికి తలనొప్పి. ఫిట్టరు తమ్ముడైతే చేతులెత్తాడు. "అన్నా, దణ్ణం పెడతా. మీటరే చూసుకుందాం."

సరేనని అన్నీ మానేశాను. హాయిగానే ఉంది. ఒకరోజు ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక కుళాయి ఆగిపోయింది. తలుపు ఓరగా తీసి పక్కింటావిణ్ణి కేకేశాను. "అయ్యో అన్నయ్యగారూ, నీళ్ళు రావని మూడు రోజుల్నుంచీ పేపర్లో వేస్తున్నారు కదా! వేసింది మీ ఆఫీసేగా!" అంటూ బకెట్టందించింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. దానికి ఏ పేపరూ అక్కర్లేకపోయింది. (నవ్వులు)

చదివితే ఒక బాధ, మానితే ఇంకో బాధ. పేపరు వేసే ఆయన కుర్చీలో దొంతర చూసి, "ఆపేయమంటారా సార్?" అని అడిగాడు. ఆపమనలేకపోయాను. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. అలా ప్రతి నెలా అన్నాను.

పోయిన నెల సన్నధార పెట్టి అందరం మాటా పలుకూ లేకుండా కూర్చున్నాం. ఆ పక్క బెంచీ చెల్లెమ్మే ముల్లు మీంచి చూపు తిప్పకుండా, "అన్నయ్యా, పెద్దకోడలు ఇంకా అలిగే ఉందా?" అంది. నాకు తెలియదు. "కనుక్కుని చెబుతా" అన్నాను.

ఇంటికెళ్ళి కుర్చీలోంచి పేపర్లు దించాను. పైవి కొన్ని చదివాను. ఒక్కోచోట ఆవిడ ఏమనేదో తెలిసిపోయింది. ఒక్కోచోట తెలియలేదు. అక్కడ నేనే ఏదో ఒకటి అనుకున్నాను. మర్నాడు వచ్చి చెప్పాను. "ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎడమొహం పెడమొహమే. కూర్చోవడమైతే కూర్చున్నారు. మేనత్తకు ఆ రోజు నుంచీ ఒంట్లో బాగాలేదు." ఫిట్టరు తమ్ముడు పగలబడి నవ్వి బెంచీ కుదిపేశాడు. పరీక్ష పాడైంది, మళ్ళీ మొదటినుంచి పెట్టాం. సార్, ఆ రోజు ఆలస్యానికి అసలు కారణం అదీ. (నవ్వులు)

నాకు తెలిసొచ్చింది ఇంతే. నా ఒక్కడి కోసమైతే నాకు వార్తలు అక్కర్లేదు. ఎవరికైనా చెప్పాలంటే కావాలి. ఉదయం ఒక పేపరు, ఒక్కసారి, చెప్పదగినంత. టీవీ వద్దు, ఫోను కుయ్ మనొద్దు. ఇంతవరకూ తేల్చుకున్నాను. రేపటి నుంచి చెప్పడానికి ఎదురుగా మనుషులుండరు. అది తేల్చుకోలేదు.

మీరంతా కలిసి నాకు పెద్ద టీవీ కొన్నారని తెలుసు. (పెద్దగా నవ్వులు) స్టోర్సువాళ్ళు టేపు పట్టుకుని వచ్చి మా గోడ కొలిచి, "ఊరికే చూస్తున్నాం సార్" అన్నారు. సంతోషం. దాన్ని మన గదిలోనే పెట్టించండి, ఆపి ఉంచండి. బదులుగా ఒకటడుగుతాను. సన్నధార పెట్టాక, ఎవరో ఒకరు నాకు ఫోను చేసి "ఏమిటి సంగతులు?" అని అడగండి. తోచినప్పుడే.

(సభలోంచి: "రోజూ చేస్తామన్నయ్యా!")

రోజూ వద్దమ్మా, నెల తిరక్కుండా విసుగొస్తుంది. చేసినప్పుడు మాత్రం ఆ ఫిట్టరుగారిని బెంచీకి దూరంగా కూర్చోబెట్టు.

మా ఆవిడ పోయిన రోజు పరీక్ష గదికి తాళం వేసి మీరందరూ వచ్చారు. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతున్నాను. ధన్యవాదాలు.

ఈ హడావుడిలో ఇవాళ్టి పేపరు ఇంకా విప్పలేదు. ఇంటికెళ్ళి చదవాలి. రేపు అడిగితే చెప్పాలి కదా. సెలవు.