మూసీల దిగినోళ్లకు కత్తి కొట్టిచ్చిన సంగతి

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు కొట్టే ప్రతి కత్తీ తన చేతిలోనే పుట్టిందని బిక్షమయ్య చెప్పుకుంటాడు. అందులో సగం నిజం. సాగర్ రోడ్డు మీంచి మీర్‌పేట్ వైపు తిరిగే సందులో, రేకుల కప్పు కింద ఆయన కొలిమి. దాన్ని ఆనుకునే తిరుపతి చాయ్ బండి. చిట్యాల అవతలి పల్లె నుంచి వచ్చి ఇక్కడ కొలిమి పెట్టి ముప్పై రెండేళ్లయింది. ఇనుము ఎర్రగా కాలేలోపు ఒక కోత, చాయ్ మరిగేలోపు ఇంకో కోత కోయకపోతే ఆయనకు పొద్దు గడవదు.

ఆయన భార్య సుక్కమ్మ ఆ కథలన్నీ విన్నది. కూర్చుని విన్నది కాదు. కత్తులకు పిడులు బిగిస్తూ, బొగ్గులు జల్లిస్తూ, ఒక చెవిన పడేసుకున్నది. మొగుడి మాటలకు అడ్డం పోవడం ఆమెకు అలవాటు లేదు. పనికి నష్టం లేనంతవరకు నోటిని తిరగనిస్తే పోయిందేముందని ఆమె లెక్క.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె రెండు చెవులూ అటే పెట్టింది. చేతివృత్తుల మేళా పెట్టే ఒక సంఘం నుంచి అలేఖ్య అనే అమ్మాయి వచ్చింది. మేళాలో పది రోజులు జనం ముందు కొలిమి పెట్టి కత్తి కొట్టి చూపించాలి. ముగ్గురు కమ్మరుల్లో ఒకరికే ఆ జాగా. ఇద్దరిని ఆ అమ్మాయి అప్పటికే చూసి వచ్చింది. మిషన్ కత్తులు వచ్చాక బోండాలవాళ్లు సగం మంది ఈ సందు మొహం చూడడం మానేశారు. మేళాకు పోతే నాలుగు దిక్కుల వాళ్లకూ తమ పని కనబడుతుందని సుక్కమ్మకూ ఆశే.

అయితే నాలుగు రోజుల కింద ఫోన్లో ఆ అమ్మాయితో బిక్షమయ్య ఒక మాట అన్నాడు. "నేనొక్కన్నే మేడం. మొత్తం పని నా ఒక్కని చేతి మీదనే నడుస్తది." పక్కనే ఉన్న సుక్కమ్మ విన్నది. అప్పటినుంచి ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

"మీరు చేసినవాటిలో అన్నిటికంటే మంచి కత్తి ఏది పెద్దాయనా?" అని అడిగింది అలేఖ్య, స్టూలు మీద కూర్చుంటూ.

తిరుపతి చాయ్ గ్లాసు అందిస్తూ నవ్వాడు. రోజూ ఆ వేళకు చాయ్‌కి వచ్చే భానుమూర్తి, రాజమండ్రి వైపు పనిచేసి రిటైరైన మాస్టారు, పేపరు మడిచి పక్కన పెట్టాడు. బిక్షమయ్య గొంతు సవరించుకున్నాడు.

"మంచిదంటే బిడ్డా, కొత్తపేట కాడ అంతయ్య అని బోండాలు అమ్మెటోడు ఉన్నడు. ఆనికి ఒక కత్తి కొట్టిచ్చిన. పొద్దుగాల పదకొండు బోండాలు కొట్టిండు, మంచిగనే ఉన్నది. పన్నెండోది జెర గట్టిగ కొట్టిండు. బోండం తెగింది, కింద బండి తెగింది. గిది పెద్ద ముచ్చట కాదు, ఎవలైనా చేస్తరు. కాకపోతే ఆ కత్తి పేరు పై దాంక పోయింది."

"పై దాకా అంటే? కలెక్టర్ దాకానా?"

"ఇంక పైకి." బిక్షమయ్య వేలు రేకుల కప్పు వైపు చూపించాడు. "మూడేండ్ల కింద వానకాలం. పట్టపగలు రెండు గంటలకు మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ మూసీల ఒకటి దిగింది. బోనాలప్పుడు అమ్మోరికి ఎక్కిచ్చే రంగు కాయితాల తొట్టెల ఉంటది సూడు, గట్ల మెరుసుకుంట, గుండ్రంగ, మన తిరుపతి బండికి ఇరవై రెట్లు. తలుపు తీసుకొని తొమ్మిది మంది బైటికొచ్చిన్రు. మనోళ్లు కాదు. భూమోళ్లే కాదు."

"ఏలియన్సా?"

"పేర్లు నేను అడగలే బిడ్డా. భూమిని పట్టుకుందామని ఒచ్చిన్రట. గా సంగతి తర్వాత ఆళ్ల పెద్దే నాతోటి చెప్పిండు."

"ఏ భాషలో చెప్పాడండీ?" అన్నాడు భానుమూర్తి.

"ఉర్దూల సార్. హైదరాబాద్ల దిగినోడు ఎవడైనా మొదలు గదే మాట్లాడ్తడు. యాస జెర తేడా ఉండె. ఇగ ఇనుండ్రి. ఆళ్ల పెద్ద తుపాకి పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ ఒచ్చిండు. ఆ రోజు ఆషాఢం సేలు మొదటి దినం. చీరల దుకాణం షట్టర్ సగమే లేసింది, ముందర నాలుగువందల మంది ఆడోళ్లు. వీడు పోయి తుపాకి లేపి, 'అందరు లొంగిపోండ్రి' అన్నడు. ఒకామె ఎనక్కి మర్రి సూసి, 'లైన్ల రా' అన్నది."

అలేఖ్య నోట్లోని చాయ్ పొలమారింది.

"షట్టర్ పూర్తిగ లేసింది. గా తొక్కులాటల వీడు గూడ లోపటికి పోయిండు. అరగంటకు బైట పడ్డడు. చేతిల తుపాకి లేదు. నెత్తి మీద ఒక కొమ్ము ఉండెనట, అది గూడ లేదు. సంకల మూడు చీరలు ఉన్నయ్, ఎవలు పెట్టిన్రో ఆనికే తెల్వదు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మిగిలిన ఎనిమిది మందిని, వీన్ని గూడ పట్టి ఒక్క షేర్ ఆటోల కూసోబెట్టిన్రు. ఇరుకుల ఆళ్లకు పానం పోతాంది, డ్రైవర్ ఏమో ఇంక నలుగురు పడతరని ఆపుకుంట పోతాండు. ఆటోల పక్కకు ఒక పిల్ల పుస్తకం సదువుతాంది. ఏం సదువుతున్నవ్ అని ఆళ్ల పెద్ద అడిగితే గ్రూప్స్‌కు అన్నది. ఇది ఆరోసారట. 'అయిదుసార్లు ఓడినవా?' అని అడిగిండు. ఆ పిల్ల, 'ఓడుడెక్కడిది, ఇంక రాస్తున్న గదా' అన్నది. ఆళ్ల పెద్దకు గప్పుడు చెమట పట్టింది. పచ్చటి చెమట. ఓడిపోవుడు అంటే ఏందో తెల్వనోళ్లను ఎట్ల ఓడగొట్టాలె, మీరే చెప్పుండ్రి?"

భానుమూర్తి తల ఊపాడు. "ఇంతవరకూ అబద్ధం ఏమీ కనబళ్లేదండీ నాకు."

ఆ మాటతో బిక్షమయ్య ఛాతీ ఇంకో అంగుళం లేచింది. సుక్కమ్మ పిడిలో మేకు దిగ్గొట్టి, కత్తిని పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది. ఈ చీరల దుకాణం, ఈ ఆటో ఆమెకు తెలిసినవే. వారానికోసారి ఆ పిల్ల పరీక్షల లెక్క ఒకటి పెరుగుతుంది, అంతే.

"ఇగ ఆళ్లకు దూప అయింది. కొత్తపేట కాడ దిగి అంతయ్య బండి కాడికి పోయిన్రు. అంతయ్య నా కత్తి తీసి బోండం కొట్టిండు. ఆ పెద్ద సూసిండు. తన నడుముకున్న కత్తి తీసిండు. ఇనుము కాదది, ఉత్త ఎలుగు, నీలం రంగుది. దానికి అడ్డమొచ్చింది ఏదైనా బూడిదేనట. అంతయ్య కత్తి మీద ఒక్క ఏటు ఏసిండు. తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎలుగు రెండు తుకడలైంది. సొరకాయ తెగినట్టు తెగి కింద పడ్డది. అంతయ్య కాలుతోటి పక్కకు జరిపి ఇంకో బోండం కొట్టిండు."

"వెలుగు తెగడం ఏంటి మామా!" అన్నాడు తిరుపతి.

"నువ్వు సూసినవా? లేదు గదా. మరి మూసుకో. ఎవడు కొట్టిండు ఈ కత్తి అని ఆళ్లు అడిగిన్రు. ఇగో, గీ సందుకు ఒచ్చిన్రు. ఒచ్చి నా కాళ్ల మీద పడ్డరు. ఒక్కొక్కనికి మూడు కాళ్లు, పడుడు జెర తక్లీఫ్ అయింది. ఆళ్ల లోకంల అన్ని మిషన్లే చేస్తయట. ఇనుము ఏ రంగు ఒచ్చినంక కొట్టాలె, ఏ రంగుల ఉన్నప్పుడు నీళ్లల్ల ముంచాలె, సూసి చెప్పెటోడు ఒక్కడు లేడట. మాకొక కత్తి కొట్టియ్యి అన్నరు. లారీ చక్రాల మీద ఉండే కమాన్ పట్టా ఒకటి తీసిన. సరిపోదనిపిచ్చి, మీ బండి తలుపు ఊడదీయుండ్రి అన్న. రెండు కలిపి కొలిమిల పెట్టిన. ఎంత కాగిందంటే, ఆ ఎరుపు సూసి మీర్‌పేట్ల కోళ్లన్ని తెల్లారిందనుకొని కూసినయ్. ఇగ ముంచుదామంటే నీళ్లు ఆగుతలేవు, అంటుకోకముందే ఆవిరైతున్నయ్. గప్పుడు గీ తిరుపతి చాయ్ గంజు లేపుకొచ్చి దాంట్ల ముంచిన."

"మూడేండ్ల కింద నేను బండి పెట్టనే లేదు మామా. కంపెనీల డ్యూటీ చేస్తున్న."

"అందుకే నీకు తెల్వదు," అన్నాడు బిక్షమయ్య తడబడకుండా. "గా కత్తి బైటికి తీసి పదును సూద్దామని గాలిల ఒక్కసారి ఊపిన. అంతే. పొద్దు రెండు తుకడలైంది. ఆ రోజు ఎల్బీనగర్ల ఒకసారి పొద్దుగూకింది, ఇంకో గంటకు దిల్‌సుఖ్‌నగర్ల మల్ల గూకింది. ఆఫీసులోళ్లు ఒక్క రోజుల రెండుసార్లు ఇండ్లకు పోయిన్రు. ఇగ ఆళ్లు కత్తి తీసుకొని పోతా పోతా, దారిల చందమామ మీద పదును సూసిన్రు. అప్పటిసంది అది నెలనెలా అరుగుతాంది."

"అంటే మూడేళ్ల కింద దాకా అమావాస్య లేదంటారా?" అన్నాడు భానుమూర్తి.

"ఉండె సార్. గింత నల్లగ లేకుండె."

అందరూ నవ్వారు. అలేఖ్య కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత పుస్తకం తెరిచి మామూలు గొంతుతో అడిగింది. "అంతా బాగుంది పెద్దాయనా. ఒక్కటి చెప్పండి. మిగతా ఇద్దరి కొలిములూ చూశాను. ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో చిన్న సుత్తి మీరే పట్టుకుంటారు కదా. మరి సమ్మెట ఎవరు కొట్టారు? చక్రం తిప్పి కొలిమికి గాలి ఎవరు కొట్టారు? అక్కడ మేళాలో ఒక్కరే అంటే పని జరగదు."

సుక్కమ్మ చేతిలో మేకు అలాగే ఆగింది. ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

బిక్షమయ్య కొలిమి వైపు చూశాడు, ఇనుము పెట్టి కొట్టే దాగలి వైపు చూశాడు, సుక్కమ్మ వైపు మాత్రం చూడలేదు.

"ఆళ్లల్ల ఒకడు ఉన్నడు బిడ్డా," అన్నాడు. "నాలుగు చేతులోడు. రెండు చేతులతోటి గాలి కొట్టిండు, రెండు చేతులతోటి సమ్మెట కొట్టిండు."

"మొదటిసారి పట్టుకుని సరిగ్గా కొట్టాడా?"

"సరిగ్గనా? గసొంటి దెబ్బ నేను యాడ సూడలే." ఆయన గొంతు ఎందుకో కొంచెం తగ్గింది. కోతలు కోసేటప్పటి ఊపు లేదు, పని గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. "నేను చిన్న సుత్తితోటి యాడ తడితే ఆడ పడ్డది సమ్మెట. ఎంట్రుకవాసి పక్కకు పోలే. ఎండకాలం ఈ రేకుల కింద మనిషి నిలవడడు, వాడు నిలవడ్డడు. ఒకనాడు నిప్పురవ్వ లేసి ఎడమ చెయ్యి మోచేతి కాడ కాలింది. తోలు ఊడొచ్చింది. ఇనుము సల్లారుతది, సమ్మెట దించొద్దని పది దెబ్బలు కొట్టినంకనే చెయ్యి నీళ్లల్ల పెట్టుకున్నడు. నాకు జెరమొచ్చి పండుకున్నప్పుడు పట్టకారు గూడ వాడే పట్టిండు. వాడు లేకుంటే నా కత్తి కత్తే కాదు. ఉత్త ఇనుప ముక్క."

"ఒకనాడు అంటున్నారు. ఎన్ని రోజులున్నాడు మీ దగ్గర?" అన్నది అలేఖ్య.

బిక్షమయ్య తల వంచుకుని, నేల మీది బొగ్గుముక్కను చెప్పుతో పక్కకు తోశాడు.

సుక్కమ్మ చేతిలోని మేకు కింద పెట్టింది. ముప్పై రెండేళ్లలో పని బాగుందని ఒక్కసారి అనని మనిషి ఇవాళ పరాయి పిల్ల ముందర అన్నీ లెక్క తప్పకుండా చెప్పాడు. చెప్పి, తీసుకెళ్లి మూడు కాళ్లవాడి నెత్తిన పెట్టాడు. సంతోషపడాలో తిట్టాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. కొంగు సర్దుకుని లేచింది.

"మేడం," అన్నది. "ఆ నాలుగు చేతులోడు ఏ లోకం నుంచి రాలే. వాని తల్లిగారిల్లు చిట్యాల."

ఎడమ చేయి ముందుకు చాపింది. మోచేతి దగ్గర, రూపాయి బిళ్లంత, ముడుతలు పడ్డ పాత కాలిన మచ్చ.

తిరుపతి పకపకా నవ్వబోయి, సుక్కమ్మ మొహం చూసి ఆగిపోయాడు. భానుమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలేఖ్య ఆ చేతిని చూసి, దాగలి పక్కన ఆనించి ఉన్న సమ్మెటను చూసి, చివరికి బిక్షమయ్యను చూసింది. చందమామను అరగదీసిన మనిషి చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పెద్దాయన చెప్పింది నిజమేనా అమ్మా? అవన్నీ?"

"సమ్మెట సంగతి నిజం. మిగిలింది ఆయన ఇష్టం."

అలేఖ్య పెన్ను తీసింది. "మా కాగితంలో కళాకారుని పేరు అని ఒక్క గడే ఉందమ్మా. మా సంఘం సార్‌ని అడిగి చూస్తాను."

"అడుగు బిడ్డా," అన్నది సుక్కమ్మ. "ఒక్క పేరే రాస్తమంటే ఆయన ఒక్కడే ఒస్తడని చెప్పు. మాటలు ఒస్తయ్, కత్తి రాదు."

అలేఖ్య సార్ కోసం ఆగలేదు. ఆ గడిలోనే, కొంచెం ఇరుకు చేసి, రెండు పేర్లు రాసింది. బిక్షమయ్య మెడ చాపి చూశాడు. తన పేరు రెండోది.

లేచి వెళ్లి కొలిమిలో బొగ్గులు ఎగదోసి, చక్రం తనే తిప్పడం మొదలుపెట్టాడు.