పదహారు తర్వాత పద్దెనిమిది

హలో… ఆ, నేనేలే. గొంతు గుర్తుపట్టలేదా? పొద్దుటినుంచీ అందరిమీదా అరిచి ఇలా బొంగురుపోయింది. అది సరే, ఇల్లు దొరికిందా?

…దొరికిందా! అబ్బ, బతికించావు. లోపలికి రానిచ్చారా?… కూర్చోబెట్టారా?… టీ కూడానా!

…రెండో కప్పా?

నేనిక్కడ భోజనం మాట మర్చిపోయి కూర్చుంటే నువ్వక్కడ రెండో కప్పు తాగుతున్నావా? కానివ్వు, కానివ్వు. ఆవిడ సంతకం పెట్టిందా?

…

ఏ సంతకమా? మహానుభావా, నిన్ను సెలవు పెట్టించి మరీ పంపింది దేనికి? టీ ఎలా ఉందో కనుక్కు రమ్మనా?

…లేదు, కోపం లేదు. ఉంది. కొంచెం ఉంది.

…ఆ, చూశాను. టిఫిన్ డబ్బా మూత తియ్యగానే కనపడింది నీ చీటీ. భోజనం చెయ్యలేదు గానీ చీటీ చదువుకున్నాను. నాలుగుసార్లు… ఊరుకో, ఇక్కడ పుస్తకం అచ్చేసే ప్రెస్ ఆయన ఎదురుగా కూర్చునున్నాడు, నా మొహంలోకే చూస్తున్నాడు. మాట మార్చకు.

ఇంకొక్కసారి మొదటినుంచీ చెబుతాను, చెవి ఇటు పడెయ్యి. మా అందాల పోటీకి ఈ ఏడుతో యాభై ఏళ్లు. దేశం మొత్తం మీద ఏడాదికి ఒక్కర్తే గెలుస్తుంది. యాభై మంది, యాభై పేజీలు, ఒక పుస్తకం. ప్రతి పేజీకీ ఒక కార్డు. దానిమీద గెలిచినావిడ తన చేత్తో ‘వేసుకోండి’ అని రాసి సంతకం పెట్టాలి. కార్డొస్తే పేజీ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మా ఆఫీసు పెద్దాయన పెట్టిన పద్ధతి. నా బల్లమీద నలభై తొమ్మిది కార్డులున్నాయి. పదిహేడోది లేదు. నాలుగింటికల్లా పుస్తకం ఈయన చేతిలో పెట్టాలి. ఇప్పుడు మూడుంబావు. అర్థమైందా?

…పేరు కాయితాల్లో ఉందిగా అంటావేమిటి! గొడవంతా అక్కడేగా. మా కాయితాల్లో ఉన్నది రెండో స్థానం వచ్చినావిడ పేరు. ముప్ఫై మూడేళ్లుగా అదే పేరు వేస్తున్నాం, మాకెవరికీ తెలీదు. కార్డు పంపితే సంతకం పెట్టకుండా తిప్పి పంపింది. ‘నేను గెలవలేదు. కిరీటం ఎవరో ఒక పెట్టెలో పెట్టి మా ఇంటికి తెచ్చిచ్చి వెళ్లారు. గెలిచినావిడ ఫలానా చోట ఉంది, ఆవిడనడగండి’ అని అడ్రసు కూడా రాసింది.

…ఆ, ఆ అడ్రసే. నువ్వు కూర్చున్నది ఆ ఇంట్లోనే.

…ఆవిడ్నెందుకు తీసేశారా? పెళ్లి చేసుకుందని. అంతే, ఇంకే పాపమూ చెయ్యలేదు. గెలిచాక ఏడాదిపాటు పెళ్లి చేసుకోకూడదట. పది నెలలు ఆగింది పాపం, ఇంకో రెండు ఆగలేకపోయింది.

…నవ్వకు! నువ్వెన్నాళ్లు ఆగావు? పెళ్లి తేదీ రెండు వారాలు ముందుకు జరపమని మా నాన్న దగ్గర బిక్కమొహం వేసుక్కూర్చుంది ఎవరట?

…ఆ, అలా ఒప్పుకో.

సరే, ఆవిడేం చేస్తోందిప్పుడు?… కుడుతోందా? నువ్వు వచ్చాక కూడా మిషను ఆపలేదా?… చప్పుడు వినిపిస్తోందిలే. నేను వాన అనుకున్నాను.

…నల్ల మిషనా? పక్కన బంగారు రంగు తీగలు గీసి ఉన్నాయా? ఆగాగు. చక్రం దగ్గర చిన్న ఇత్తడి రేకు ఉందేమో చూడు… ఏమని ఉంది? ‘ప్రథమ బహుమతి’ అనా?

అయ్యో, అదే! అప్పట్లో మొదటి బహుమతి కుట్టుమిషనే. రెండో బహుమతి గోడ గడియారం, మూడోది గొడుగు. నీకు తెలుసా, మొదటి ఏడాది పోటీకి పదకొండు మంది పేర్లిచ్చి, స్టేజి ఎక్కే వేళకి నలుగురే మిగిలారట. మిగతావాళ్లు మేకప్‌తోనే ఇంటికి పారిపోయారు. తొమ్మిదో ఏట కిరీటం వదులై ఆ అమ్మాయి ముక్కుమీదికి జారితే, అలాగే పట్టుకుని నమస్కారం పెట్టింది, ఆ ఫోటోనే వేశాం. ఎంత ముద్దుగా ఉందో! ఇరవై ఎనిమిదో ఏడు గెలిచినావిడ ఇప్పుడు కంటి డాక్టరు…

…నేనేనా మాట మార్చింది? సరే, నేనే. మరి కిరీటం పట్టుకుపోయి మిషను వదిలేశారేం?… అడుగు, అడుగు.

…మెట్లమీంచి దింపలేక వదిలేశారా! హహ్హహ్హ… అయ్యో, ప్రెస్ ఆయన ఉలిక్కిపడ్డాడు. క్షమించండీ, ఒక్క పది నిమిషాలు. అటు ఫ్యాను కింద కూర్చోండి.

ఇంకేముంది ఆ గదిలో?… భుజానికి వేసే పట్టీయా? ‘దేశ సుందరి’ అని కుట్టి ఉంటుంది, అదేనా? ఎక్కడుంది?… మిషను మెడకి చుట్టి ఉందా? దాన్నిండా గుండుసూదులా?… ‘సుందరి’ కనపట్టంలేదా సూదుల్లో!

నాకావిడ తెగ నచ్చేస్తోంది. ఫోనివ్వు. నీవల్ల అయ్యే పని కాదు ఇది. ఇవ్వు బాబూ, ఇస్తే నీ సొమ్మేం పోదు.

…

నమస్కారం మేడం. నేను పోటీ ఆఫీసునుంచి… ఆ, ఆయన మా ఆయనే. నాలుగు నెలలైంది.

…మేడం అనొద్దా? మరి పిన్నిగారూ అంటాను, సరేనా?… థాంక్సండీ.

పిన్నిగారూ, ఒక్క సంతకం. అంతకంటే ఏమీ అడగను. మీ పేజీ ఖాళీగా ఉంది.

…అవును, ఖాళీగా ఉంది కాబట్టే వచ్చాం. అబద్ధం ఎందుకు చెప్పను? రెండో ఆవిడ రాసేదాకా మీరున్నారనే మాకు తెలీదు.

…మూడు ఉత్తరాలా? మీరే రాశారా? ఏమని?

…‘కిరీటం వద్దు, గెలిచానని ఒక కాయితం ఇవ్వండి’ అనా. దేనికండీ కాయితం?

…ఓ. దుకాణం పెట్టడానికా. బోర్డుమీద వేసుకుందామని… జవాబే రాలేదా?

…ఒకటి వచ్చిందా? ఏమని?

…‘ఆ పేరుతో మా దగ్గర విజేత ఎవరూ లేరు.’

…

పిన్నిగారూ, అప్పటికి నేనింకా పుట్టలేదు. అయినా నాకే సిగ్గుగా ఉంది.

…కాదు, జాలిపడి కాదు. చూడండి, మీరు సంతకం పెట్టకపోతే ఆ చోట ఏం పెడతారో తెలుసా? పోటీ గుర్తు. పేజీ నిండా పెద్ద గులాబీ బొమ్మ. ‘పదిహేడో సంవత్సరం: వివరాలు లభ్యం కాలేదు’ అని రాసి. మీరక్కడ మిషను తొక్కుతున్నారు, నాకు చప్పుడు వినిపిస్తోంది, లభ్యం కాకపోవడం ఏమిటండీ!

…బాగుంటుందా? గులాబీయే బాగుంటుందా?

పిన్నిగారూ, మీరిలా హాస్యమాడితే నేను ఏడుస్తాను. నిజంగా ఏడుస్తాను, నాకు తొందరగా వస్తుంది. మా ఆయన్నడగండి.

…అడగండి. ఏదైనా చెబుతాను.

…ఆ నిబంధనా?

…

ఉందండీ.

…ఇంకా ఉంది. మూడో నిబంధన. అక్షరం మారలేదు. ‘గెలిచిన నాటినుంచి ఏడాది పూర్తయ్యేవరకు వివాహం చేసుకోరాదు.’

…ఎలా తెలుసంటే, నేనే టైపు చేశాను. మొన్న మంగళవారం.

…వచ్చే ఏటి దరఖాస్తు ఫారంలో. ఈ పుస్తకంలోనే, ఆఖరి పేజీ. చింపుకుని నింపి పంపేలా అంచున చుక్కల గీత పెట్టాం.

…

పిన్నిగారూ?… ఉన్నారా?

…ఎవరూ? నువ్వా? ఫోనెందుకు తీసుకున్నావు? ఏమందావిడ?

…

ఆ నిబంధన తీసేస్తే ఇప్పుడే పెడతానందా!

నేనెవర్ని తియ్యడానికి? కమిటీ కూర్చోవాలి, పద్నాలుగు మంది చేతులెత్తాలి! పెద్దాయన తియ్యనిస్తాడా? అసలు పెద్దాయన ఊళ్లో ఉన్నాడా? ఎక్కడో బట్టల దుకాణం ప్రారంభానికెళ్లాడు, ఫోన్ ఎత్తడు. నాకు ఈ పుస్తకం అప్పజెప్పినప్పుడు ఏమన్నాడో తెలుసా? ‘కార్డులు లెక్కపెట్టుకో, పేజీలు పేర్చుకో, మిగతావాటిలో వేలు పెట్టకు.’

…అరవట్లేదు! ఇది నా మామూలు గొంతు!

…అదే నాకూ అనిపిస్తోంది. ఆవిడ తప్పేం మాట్లాడలేదు. అదే నా ఏడుపు. తప్పు మాట్లాడితే నాలుగు మాటలనేసి ఊరుకునేదాన్ని. ముప్ఫై మూడేళ్ల తర్వాత ‘రా, నీ ఫోటో వేస్తాం’ అని పిలిచి, అదే పుస్తకంలో వెనకాల ‘పెళ్లాడితే గెంటేస్తాం’ అని మళ్లీ అచ్చేస్తే ఎవరు పెడతారు సంతకం? నేనైతే టీ కూడా ఇచ్చేదాన్ని కాదు. నువ్వు రెండు కప్పులు తాగావు.

…ఆగు, ఈయనేదో అడుగుతున్నాడు. ఏమిటండీ?… పేజీల వరస చీటీయా? ఆ, నేనే రాసివ్వాలి. ఏ పేజీకి ఎదురుగా ఏది రావాలో… ఇస్తాను, ఇస్తాను, మీరు…

…

ఏమండీ, నేను ఏ వరస రాస్తే అదే కుడతారా?… ఎవరూ అడగరా?… ఖచ్చితంగా?

ఏయ్, ఉన్నావా? ఫోన్ పిన్నిగారికివ్వు. మళ్లీ ఇవ్వు. బతిమాలు. కాళ్లు పట్టుకో, నాకు తెలీదు.

…

పిన్నిగారూ, పెట్టెయ్యకండి, ఒక్క మాట. ఆ నిబంధన నేను తియ్యలేను. తీస్తానని చెబితే అబద్ధం అవుతుంది. కానీ పేజీలు పేర్చేది నేనే. మిమ్మల్ని దానికి ఎదురుగా పెట్టగలను.

…అంటే, పుస్తకం ఆఖర్న, ఎడమవైపు మీరు. కుడివైపు దరఖాస్తు. ఫారం నింపాలని తెరిచిన ప్రతి పిల్లా ముందు మీ మొహం చూస్తుంది, తర్వాత మూడో నిబంధన చదువుతుంది.

…ఆ. పక్కపక్కనే. మూసేస్తే మీ మొహం వెళ్లి దానికే ఆనుకుంటుంది.

…నవ్వారా? పిన్నిగారూ, మీరు నవ్వారు, నేను విన్నాను!

…వరస తప్పుతుంది, నిజమే. పదహారు తర్వాత పద్దెనిమిది వస్తుంది. పదిహేడు ఏదని జనం వెతుక్కుంటారు. వెతుక్కోనివ్వండి.

…కిరీటంతో ఫోటో ఒక్కటి కూడా లేదా? అన్నీ వాళ్లే పట్టుకెళ్లారా… వద్దు, ఇప్పటిదే తీద్దాం. మా ఆయన తన రెండో ఫోనుతో తీస్తాడు. తల నరక్కుండా తియ్యడం మొన్ననే నేర్పాను. మిషను దగ్గరే కూర్చోండి, జుట్టు సర్దుకోకండి.

…బాబాయిగారా? ఆయన కూడా ఉండాలా?

…లేదండీ, రూలేం లేదు. ఇంతమందిలో ఒక్కరి ఫోటోలో కూడా మొగుడు లేడు, అంతే… సరే, ఉండాలి. ఉండి తీరాలి. ఆయనకోసమేగా ఇంత గొడవా. పిలవండి. ఎక్కడున్నారు?… నిద్రపోతున్నారా! లేపండి పిన్నిగారూ!

…

హహ్హ… వినిపిస్తోంది. ‘నేనెందుకే ముసలిదానా’ అంటున్నారా? పాపం.

కింద ఏం రాయమంటారు? అందరికీ నాలుగైదు వాక్యాలు రాశాం. చెప్పండి, టైపు చేసుకుంటాను… ‘పదిహేడో సంవత్సరం గెలిచాను.’… ఆ. ‘పది నెలలకు పెళ్లి చేసుకున్నాను. కిరీటం తీసుకున్నారు.’… ఇంకా?

…‘రెండింటికీ బాధ లేదు’ అనా?

…వద్దా? ఎందుకు వద్దు, బావుందిగా?

…

ఉందా. కిరీటానికి బాధ ఉందా.

…ఏడాదిపాటు ఉందా, ఇంకా ఉందా?

…

సరే. అయితే ఉన్నదున్నట్టే రాస్తాను. ‘కిరీటం పోయినందుకు బాధ ఉంది. పెళ్లి చేసుకున్నందుకు లేదు.’… ఇలా వెయ్యనా?… అంతే కదా? ఒక్క ముక్క కూడా మార్చను.

సంతకం… ఏ పేరంటారా? మీ ఇష్టం. పెళ్లికి ముందుదైనా, తర్వాతదైనా… రెండూనా? పట్టకపోతే కార్డు వెనక్కి తిప్పి రాయండి. రాశాక కార్డుకి కూడా ఫోటో తీసి పంపమనండి మా ఆయన్ని.

…వచ్చింది, వచ్చింది, ఫోటో వచ్చింది! అయ్యో బాబాయిగారు కళ్లు మూసుకున్నారు. ఇంకోటి తియ్యమనండి… ఆ. ఇది బావుంది. ఆయన కెమెరావైపు చూడట్లేదు, మీవైపే చూస్తున్నారు. మీకు తెలుసా ఆ సంగతి?… ఎప్పుడూ అంతేనా!

నాలుగవడానికి ఇంకా రెండు నిమిషాలుంది. మీ పేజీ పెట్టేశాను. చీటీ కూడా రాసేశాను. ఇదిగోనండీ, పెన్ డ్రైవ్. అదిగో వరస. జాగ్రత్త, ఆఖరి కాయితం ఆఖర్నే రావాలి.

…వెళ్లిపోయాడు పిన్నిగారూ. మెట్లు దిగుతున్నాడు… బండి తీశాడు. ఇంక నేను వెనక్కి పిలిచినా వినపడదు.

…ఆ, భయంగానే ఉంది… లేదండీ, మా ఆయనకి చెప్పకండి, అక్కడే కూర్చుని ఏదో ఒకటి అనేస్తాడు… విన్నాడా? ఏమంటున్నాడు?

…‘ఇద్దరం కలిసి గెంటించుకుందాం’ అంటున్నాడా. చూశారా, ఇదీ వరస.

ఉండండి, కారు చప్పుడు… పెద్దాయన వచ్చేశారు. మెడలో దండ తియ్యకుండానే పైకొస్తున్నారు. ఫోన్ అలాగే పట్టుకోండి పిన్నిగారూ, పెట్టకండి.

…

ఆ, పుస్తకం ప్రెస్‌కి వెళ్లిపోయిందండీ, ఇప్పుడే… వచ్చేసిందండీ, పదిహేడోది కూడా. సంతకంతో సహా. యాభైకి యాభై… గులాబీ అక్కర్లేకపోయింది… లెక్కపెట్టుకోండి, నలభై తొమ్మిదీ బల్లమీదే ఉన్నాయి, పదిహేడోది మా ఆయన తెస్తున్నాడు.

…వరసా?

వరస కూడా నేనే పేర్చానండీ. మీరు నాకప్పజెప్పిన పని అదేగా… లేదండీ, పుస్తకం రానివ్వండి, చేత్తో పట్టుకుని చూద్దురుగాని.

…

విన్నారా పిన్నిగారూ?… ఆ, ఉంటాను మరి. ఉంటాను.