ఎడమ స్పీకరు

ఆదివారం మధ్యాహ్నం, బస్సు డ్రైవరు ఇంటి ముందుగది. ఆంప్లిఫయరు ముందు నేలమీద అతనూ, రేడియోలు బాగుచేసే అతని బావమరిదీ కూర్చున్నారు. భార్య వంటింట్లో ఉంది.

“అది కాదు బావా, అది బాస్. బ్యాలెన్స్ దాని పక్కది.”

“తెలుసురా. పదకొండేళ్ళుగా తిప్పుతున్నాను. నా బస్సు గేర్లకంటే ఇవే నాకు బాగా అలవాటు.”

“మరి బాస్ ఎందుకు తిప్పారు?”

“చెయ్యి జారింది. నువ్వు ముందు మూత విప్పు. లోపల ఏదో పోయింది.”

“మూత చివర్లో చూద్దాం. నాడి చూడకుండానే కడుపు కోస్తామా? సెలెక్టరు టేపు మీద ఉంది. మోనో బటను నొక్కి లేదు. స్పీకర్లు రెండూ ఆన్. ట్రెబుల్ మధ్యలో... ఆ బాస్‌ని మళ్ళీ మధ్యకి తెండి. సరే, వాల్యూము కొంచెం పెంచండి.”

“ఇంతా?”

“చాలు చాలు. తిప్పుతుంటే గరగరమంది, విన్నారా?”

“అదే! అదే అయ్యుంటుంది. నేను చెప్పలా?”

“అది దుమ్ము బావా. తిప్పినప్పుడే వస్తుంది, రెండు చుక్కలు మందు కొడితే పోతుంది. దానివల్ల ఒక వైపు చచ్చిపోదు. ఇప్పుడు చెప్పండి, ఎడమవైపు ఎలా ఉంది?”

“ఏముంది, ఖాళీ. పాడేవాడూ కుడివైపే, వాయించేవాళ్ళూ కుడివైపే. అందరూ కుడి పెట్టెలోకి దూరి తలుపేసుకున్నట్టుంది.”

“నాకు రెండువైపులా సమానంగా ఉంది.”

“పొద్దస్తమానం ఆ రేడియోల రొదలో కూచుంటావు. నీ చెవులకి ఏం తెలుస్తుంది?”

“నా అన్నం నా చెవులే పెడుతున్నాయి బావా. సరే, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పండి. ఇంకా. ఆగేదాకా. ఇప్పుడు కుడి పెట్టె మోగదు, ఎడమదే మోగుతుంది. వస్తోందా?”

“వస్తోంది... ఏదో పక్కింట్లో పాడుతున్నట్టు.”

“పక్కింట్లోనా? నాకు మొహం మీద పాడుతున్నట్టుంది.”

“ఏవండీ! ఏవండీ! కాస్త తగ్గించండి, కుక్కరు కూత కూడా వినపడనివ్వరు మీరు!”

“బావా, అక్క పిలుస్తోంది.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. మూడోసారి. ఆ తగ్గిస్తున్నాంలే అక్కా!”

“ఆయనకి చెప్పి లాభం లేదురా తమ్ముడూ. రెండు మూడు నెలలుగా ఇదే వరస. పిలిస్తే పలకరు. ధ్యాస ఎక్కడ పారేసుకున్నారో!”

“మీ అక్కకి పనేం లేదు. నువ్వు కానియ్. స్పీకరు పోయిందంటావా?”

“చూద్దాం. పవర్ ఆపండి. ఆన్‌లో ఉండగా వైర్లు పీకకూడదు. ఇదిగో, ఎడమ వైరు కుడికి, కుడి వైరు ఎడమకి పెడుతున్నాను. ఆంప్లిఫయరులో లోపముంటే ఇప్పుడు కుడి పెట్టె మూగబోవాలి. బ్యాలెన్స్ మధ్యకి తెచ్చి ఆన్ చెయ్యండి.”

“చేశాను.”

“ఏ వైపు తక్కువ?”

“ఎడమే.”

“మళ్ళీ ఎడమేనా? సరిగ్గా విని చెప్పండి.”

“ఎడమే అంటుంటే! అంటే స్పీకరే. నే చెప్పలా, స్పీకరే! మార్చేద్దాం. రేపే తెచ్చెయ్.”

“ఎందుకంత తొందర? కూచోండి బావా, లేచి తిరక్కండి. ఈ హెడ్‌ఫోన్ పెట్టుకోండి. కింద వాల్యూము పక్కన చిన్న రంధ్రం ఉందే, అందులో గుచ్చుతున్నాను. ఇప్పుడు స్పీకర్ల గొడవే లేదు. చెప్పండి.”

“ఎడమ లేదు.”

“తక్కువా, అసలు లేదా?”

“అసలు లేదు. చూశావా? అంటే ఆంప్లిఫయరే! ఇందాకటినుంచి మూత విప్పమంటున్నాను, వినవేం?”

“ఒకసారి ఇటివ్వండి... ఊఁ. మళ్ళీ పెట్టుకోండి. కాదు, అలా కాదు. ఎడమది కుడిచెవికి, కుడిది ఎడమచెవికి పెట్టాను చూడండి. అలాగే ఉంచండి. ఇప్పుడు?”

“ఇప్పుడు... ఎడమ లేదు.”

“బావా.”

“వైరులో ఏదో తేడా ఉంది.”

“బావా, నేను తిప్పి పెట్టాను.”

“నీ హెడ్‌ఫోనే పాతది. ఎక్కడో తెగి ఉంటుంది.”

“తిప్పితే తెగిన వైపు కూడా తిరగాలి కదా బావా. నేను పెట్టుకుంటే రెండూ మోగుతున్నాయి. ఎప్పటినుంచి?”

“ఏంటి ఎప్పటినుంచి? ఆంప్లిఫయరా?”

“ఆంప్లిఫయరనే అనుకోండి.”

“ఆ మధ్య జలుబు చేసింది చూడు, వారం రోజులు చెవిలో గుయ్‌మంది. తర్వాత తగ్గింది.”

“గుయ్‌మనడం తగ్గిందా? వినపడ్డమే తగ్గిందా?”

“మెల్లగా మాట్లాడు. వంటింట్లో వింటుంది.”

“డాక్టరుకి చూపించారా?”

“చూపిస్తే చీటీ రాస్తాడు. ఆ చీటీ డిపోకి వెళ్తుంది. ఒంటి చెవివాడికి బస్సిస్తారా? నువ్వు ఈ మూత విప్పు, ఏదో ఒకటి తీసి పెట్టు. ఇది పోయింది, మార్చాను అని చెప్పు. మీ అక్కతో చెప్పు. నాతో కూడా చెప్పు.”

“మీతో కూడానా?”

“అందుకేగా పిలిచింది. ఆంప్లిఫయరే పాడైందని నువ్వంటే, నేను నమ్మేసేవాణ్ణిరా.”

“ఏంట్రా ఇద్దరూ గుసగుసలాడుతున్నారు? టీ తాగండి. ఏమంటోంది ఆ పెట్టె?”

“పెట్టె బాగానే ఉందక్కా.”

“బాగుందా? మరి నిన్నంతా దాన్ని పట్టుకుని ఊగిపోయారు. బాస్ తిప్పడం, ట్రెబుల్ తిప్పడం, ఆపడం, మళ్ళీ వెయ్యడం. పాట వినడం మానేసి చాలా రోజులైంది ఈయన. రేపు ఆ ఎంక్వయిరీ కాస్తా ముగిస్తే మనిషి కుదుటపడతారని చూస్తున్నాను.”

“ఏం ఎంక్వయిరీ?”

“నీకు చెప్పలేదా? రెండు వారాల కింద ఒకావిడ సైకిలు మీద వచ్చి ఈయన బస్సుకి తగిలింది. ప్రాణానికేం కాలేదు, కుడికాలు విరిగింది. బట్టలు కుడుతుందట పాపం. మిషను తొక్కే కాలే అది.”

“ఆ సంగతి ఇప్పుడెందుకే?”

“ఎందుకేంటి, మీ తప్పా? బెల్లయినా కొట్టకుండా సందులోంచి దూసుకొచ్చిందని మీరేగా రాసిచ్చారు. రేపు డిపో మేనేజరు సంతకం పెడితే తప్పు ఆవిడదేనని తేలిపోతుంది. ఏంట్రా, అలా చూస్తావు? టీ చల్లారిపోతుంది.”

“ఆ సందు బస్సుకి ఏ వైపు బావా?”

“ఏ వైపయితే ఏంట్రా తమ్ముడూ? ఎడమ వైపు.”

“చెప్పండి బావా, మీరే చెప్పండి. అక్కకి చెప్పండి.”

“ఏం చెప్పాలి? ఏవండీ? ఏం చెప్పాలి మీరు?”

“ఇటు రా. ఇలా కాదు, ఆ పక్కకి. ఎడమ పక్కకి వచ్చి నిలబడు. చెవి దగ్గర మెల్లగా ఏదైనా అను.”

“ఏమనాలి?”

“అన్నావా?”

“అన్నాను.”

“ఏమన్నావు?”

“ఏవండీ, వినపడలేదా? ఇంత దగ్గరగా అన్నాను! తమ్ముడూ, ఈయనకి...”

“ఆ చెవి పోయింది. చాలా రోజులైంది. వీడికి ఇప్పుడు తెలిసింది, నీకు ఇప్పుడు తెలిసింది. నాకెప్పుడో తెలుసు.”

“అయ్యో! ఇన్నాళ్ళూ నేను ధ్యాస లేదు, ధ్యాస లేదని తిట్టిపోశాను. అయినా... ఉద్యోగం సంగతేంటి? ఈ మాట బయటికి పొక్కితే స్టీరింగు ముట్టుకోనిస్తారా? ఒరేయ్ తమ్ముడూ, నువ్వెక్కడా అనకు.”

“నేననను అక్కా. కానీ బావ రాసిచ్చిన కాగితం మాటేంటి?”

“కాగితానికేం? ఈయనకి బెల్లు వినపడలేదు, అదే రాశారు.”

“కాదు. ‘వినపడలేదు’ అని మొదలుపెట్టాను. మేనేజరు పక్కనుంచి చూసి, ‘వినపడలేదా, కొట్టలేదా? రెండూ ఒకటి కాదు, సరిగ్గా రాయి’ అన్నాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూచున్నాను. ఆ మాట కొట్టేసి, ‘కొట్టలేదు’ అని రాశాను.”

“ఒక్క మాటేగా. ఏం తేడా వస్తుంది?”

“ఆ మాటతో నా స్టీరింగు నాకు మిగిలింది. కాలు విరగ్గొట్టుకున్నది ఆవిడ, తప్పు కూడా ఆవిడదే అయింది. నా చొక్కా ఎక్కడ?”

“చొక్కా ఎందుకు? కూచోండి. ఇప్పుడెక్కడికి?”

“ఆసుపత్రికి. ఐదింటిదాకా లోపలికి పంపిస్తారు. రేపు పొద్దున డిపోకి వెళ్ళి కాగితం మారుస్తాను. కానీ ముందు ఆవిడకి చెప్పాలి.”

“మీకేమైనా పిచ్చా? నువ్వైనా చెప్పరా, అలా నిలబడతావేం!”

“నేను బండి తీస్తాను బావా.”

“శుభం! ఇద్దరూ ఒకటైపోయారు. సరే, వెళ్ళి ఏం చెబుతారండీ? ఆవిడే పోలీసులతో ‘బెల్లు కొట్టానో లేదో గుర్తులేదు, కొట్టలేదేమో’ అందట. ఆవిడే ఒప్పుకున్నాక మీదేంటి?”

“పడ్డ మనిషికి ఏం గుర్తుంటుంది? అందరూ కొట్టలేదు, కొట్టలేదు అంటుంటే తనూ కొట్టలేదేమో అనుకుంటోంది. మంచం మీద పడుకుని తనని తనే తిట్టుకుంటోందట.”

“మరి కొట్టిందని మీకు మాత్రం ఏం తెలుసు? మీకు వినపడనే లేదుగా!”

“నాకు వినపడలేదు. వెనక మెట్ల దగ్గర నిలబడ్డ కండక్టరుకి వినపడింది. నేను కాగితం రాయకముందే వచ్చి నాకొక్కడికే చెప్పాడు, ఆవిడ రెండుసార్లు బెల్లు కొట్టి, ‘ఆపండయ్యా’ అని అరిచిందని.”